1.8 కోసం కొన్నాను, 2.8 దగ్గర వాడుతున్నాను: 50 ఎంఎం లెన్సుతో ఆరేళ్లు

2019 డిసెంబరులో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను. ధర ఎనిమిది వేలకు కాస్త పైన. అప్పటికి నా దగ్గర ఉన్నవి చిన్న సెన్సరు (బొమ్మను పట్టే చిప్) గల ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు మాత్రమే. ఈ తరగతి లెన్సును పేరున్న కెమెరా కంపెనీలు చాలావరకు తయారు చేస్తాయి. వాటి మధ్య తేడాలు స్వల్పం కనుక నాది ఏ కంపెనీదో చెప్పడం వల్ల చదివేవారికి ఒరిగేదేమీ లేదు. నాది వేరే ఉద్యోగం. ఆదివారాలు, పండుగలు, జాతరలు మాత్రమే ఫొటోలకు దొరికే సమయం. అలాంటి వాడుకలో ఈ లెన్సు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో ఇక్కడ రాస్తున్నాను.

కొనడానికి కారణం వెలుతురు. కిట్ లెన్సును 55 దగ్గరికి జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు; ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. 1.8 దగ్గర ఈ లెన్సు దానికంటే దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అయితే చిన్న సెన్సరు మీద 50 ఎంఎం చూపు చాలా ఇరుకైనదన్న సంగతి ఇంటికి తెచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. ఫ్రేములో పది మీటర్ల వెడల్పు పట్టాలంటే ఇరవై మీటర్లకు పైగా వెనక్కి నడవాలి. మా ముందు గదిలో గోడకు ఆనుకొని నిలబడి తీసినా ఇద్దరు మనుషులే పడతారు, మూడో మనిషి భుజం తెగిపోతుంది. ఇంట్లో పుట్టినరోజు ఫొటోల కోసమే కొనాలనుకునేవారు 35 ఎంఎం వైపు చూడడం మంచిది. ఈ ఒక్క మాట అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటిసారి ఈ లెన్సు పట్టుకొని ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడికి వెళ్లాను. అంత జనంలో, అంత తక్కువ వెలుతురులో ఐఎస్‌ఓ 800 దాటకుండా (ఈ అంకె పెరిగితే ఫొటోలో గరుకు పెరుగుతుంది) ఫొటోలు వస్తుంటే పొంగిపోయి, రాత్రంతా ఎపర్చర్‌ను 1.8 దగ్గరే ఉంచాను. మర్నాడు కంప్యూటర్‌లో ఒక్కొక్కటి తెరుస్తుంటే మా వదిన పక్కనే కూర్చుంది. బతుకమ్మను రెండు చేతులతో పట్టుకొని తను నడిచి వస్తున్న ఫొటో అది. తంగేడు పువ్వు రేకు మీది నీటి చుక్క కూడా లెక్కపెట్టేలా ఉంది; ఆ వెనుక ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టు ఉంది. "పూలైతే మంచిగనే వచ్చినయి మరిదీ, మరి నేనేడున్న?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి 1.8 దగ్గర తీస్తే, ముందూ వెనుకా కలిపి స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లు. చేతిలోని బతుకమ్మకూ ముఖానికీ మధ్య జానెడు దూరం ఉంటుంది. పువ్వు మీద ఫోకస్ పడితే ముఖం పోక తప్పదు. అదే నేను రెండున్నర మీటర్లకు వెనక్కి జరిగి 2.8 పెట్టుకొని ఉంటే ఆ లోతు పాతిక సెంటీమీటర్ల దాకా వచ్చేది, వెనకనున్న జనం ఎలాగూ మసకగానే ఉండేవారు. ఆ రోజు నుంచి మనిషిని తీసేటప్పుడు నా ఎపర్చర్ 2.8, చేతిలో ఏదైనా పట్టుకొని ఉంటే 4. 1.8ని వెలుతురు పూర్తిగా చచ్చిపోయినప్పుడు మాత్రమే వాడుతున్నాను. బ్యాక్‌గ్రౌండ్ ఎంత మసకబారిందన్నదే గొప్పగా భావించే రోజులు అందరికీ కొన్ని ఉంటాయి, నాకూ ఒక ఏడాది నడిచాయి.

బతుకమ్మ ఆటలో షటర్ స్పీడు, అంటే షటర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది, ఇంకొక చిక్కు. కదులుతున్న మనుషులను ఆపి పట్టాలంటే సెకనులో 200వ వంతు కావాలి, కానీ ఎల్‌ఈడీ దీపాలు, ట్యూబ్‌లైట్ల కింద అంత వేగంతో తీస్తే కొన్ని ఫొటోలలో నల్లని అడ్డచారలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక ఇలాంటి దీపాలు చాలావరకు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షటర్‌ను సరిగ్గా 100వ వంతు దగ్గర ఉంచితే చారలు దాదాపు పోతాయి. అంత నెమ్మదిలో కదలిక మసకబారదా అంటే బారుతుంది. అందుకే నేను ఆటను చూసి తీయడం నేర్చుకున్నాను. ఆడవాళ్లు వంగి చప్పట్లు కొట్టిన చోట కదలిక లిప్తపాటు ఆగుతుంది, మళ్లీ లేచి అడుగు వేసేలోపు ఒక ఫొటోకు వ్యవధి ఉంటుంది. పాట చరణంతో పాటు లెక్క పెట్టుకుంటే పదింట ఆరు నిలుస్తున్నాయి, మొదట్లో రెండు కూడా నిలిచేవి కావు.

ఎడిటింగ్‌కు వస్తే, ఆరేళ్లుగా నేను ప్రతి ఫొటోనూ రా ఫైలుగానే (సెన్సరు పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) తీస్తున్నాను, పాత లాప్‌టాప్‌లో డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తున్నాను. ఫొటోను వెంటనే ఎవరికైనా పంపాలంటే ఫోనులో స్నాప్‌సీడ్ చాలు. అందులోని సెలెక్టివ్ సాధనంతో ముఖం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధిని కుదించి, అంతవరకే వెలుతురు పెంచవచ్చు. రాత్రి ఫొటోల రంగు సరిచేసేటప్పుడు మొదట్లో నేను ఎవరిదైనా తెల్ల చొక్కాను ఎంచుకొని దాన్ని తెలుపుగా లెక్కగట్టమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పేవాణ్ణి. ముఖాలన్నీ కామెర్లు వచ్చినట్టు పచ్చబడేవి. మన తెల్ల చొక్కాలు నీలిమందు వేసి ఉతికినవి, వాటిలో ఉన్న నీలాన్ని తీసేయబోయి సాఫ్ట్‌వేర్ ఫొటో అంతటికీ పసుపు పూస్తుందన్నమాట. ఇప్పుడు బూడిదరంగు రాతిమెట్టునో సిమెంటు గచ్చునో ఎంచుకుంటున్నాను.

రంగు విషయంలో నాకు బుద్ధి చెప్పినది మాత్రం వరంగల్ ఎనుమాముల మార్కెట్. మిర్చి సీజన్‌లో ఒక ఉదయం చపాట కాయల రాశి పక్కన కూర్చున్న ఒక రైతును అడిగి ఫొటో తీశాను. చపాట అంటే వరంగల్ వైపు పండే, కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే లావుపాటి కాయ. ఇంటికి వచ్చి సాచురేషన్ (రంగుల గాఢత) పెంచి, మెరిసేలా చేసి, తర్వాతి వారం ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని ఎండకు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా కాయ గింత ఎర్రగ లేదు బిడ్డా. ఇది జూస్తే రంగు గలిపిన్రంటరు" అన్నాడు. మళ్లీ అసలు ఫైలు తెరిచి చూస్తే తప్పు ఎడిటింగ్‌లో మాత్రమే లేదు. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) వెలుతురును లెక్కకట్టేటప్పుడు ఎరుపుకు ఇచ్చే వాటా తక్కువ కావడం వల్ల అది అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపింది, మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌లో మాత్రం ఎరుపు కుడిగోడకు గుద్దుకొని, అంటే సెన్సరు పట్టగల హద్దు దాటి, ఉంది. అలా గుద్దుకున్న చోట కాయ మీది ముడతలు, నిగనిగ, తొడిమ దగ్గరి నీడ అన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్ద అవుతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. ఇప్పుడు మిర్చిని, కుంకుమను, ఎర్ర పట్టుచీరలను ఒక స్టాపు తక్కువ ఎక్స్‌పోజర్‌తో, అంటే సగం వెలుతురుతో, తీస్తున్నాను. ఎడిటింగ్‌లో నీడలను కొద్దిగా లేపి, డార్క్‌టేబుల్‌లోని కలర్ జోన్స్ సాధనంతో ఎరుపు ఒక్కదాని సాచురేషన్‌ను తగ్గిస్తున్నాను. రెండో ప్రింటును ఆ పెద్దాయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గుళ్ల దగ్గర ఈ లెన్సు పనితీరు మిశ్రమం. రామప్ప గుడి మొత్తాన్ని పట్టాలంటే పచ్చిక చివరిదాకా నడవాల్సిందే, కానీ చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలను (నర్తకి శిల్పాలను) ఒక్కొక్కరిగా తీయడానికి ఇంతకంటే అనువైన చవక లెన్సు నేను చూడలేదు. అక్కడ ఆటో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే కెమెరా తనంతట తానే రంగును సరిచేసే పద్ధతిని, నమ్మకూడదు. ఫ్రేము నిండా ఎర్రటి ఇసుకరాయి ఉంటే కెమెరా ఆ ఎరుపును దోషమనుకొని తగ్గిస్తుంది. ఎండ గుర్తు మీద పెడితే రాయి రాయిలా వస్తుంది. వేయిస్తంభాల గుడి నందిది ఇంకో రకం సమస్య, నల్లని రాతిని చూసి కెమెరా చీకటి అనుకొని వెలుతురు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతుల మేర తగ్గిస్తే నునుపు, నలుపు రెండూ నిలుస్తాయి. వరంగల్ కోటలోని కీర్తితోరణాన్ని ఆకాశానికి ఎదురుగా 1.8 దగ్గర తీసినప్పుడు హంసల అంచుల వెంట ఊదారంగు జీర వచ్చింది. 4 దగ్గర అది దాదాపు లేదు.

ఇక లోపాలు. ఫోకస్ మోటారు శబ్దం వీడియోలో వినబడుతుంది. లెన్సులో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు, చేయి వణికితే 80వ వంతు కంటే నెమ్మదిగా తీయకపోవడమే మంచిది. నా లెన్సు మౌంటు (కెమెరాకు బిగిసే భాగం) ప్లాస్టిక్‌ది, మూడో ఏట బైకు మీద నుంచి సంచితో సహా పడినప్పుడు ఒక చెవి విరిగింది. మరమ్మతుకు లెన్సు ధరలో మూడో వంతు అయింది.

2022 ఫిబ్రవరి మేడారం జాతరలో చేసిన తప్పు మాత్రం పూర్తిగా నాదే. జంపన్నవాగు ఒడ్డున, దుమ్మూ పసుపూ గాలిలో లేస్తుండగా కిట్ లెన్సు తీసి ఇది బిగించాను. ఆ రోజంతా 2.8 దగ్గర తీసిన ఫొటోలలో ఏమీ తెలియలేదు. నెల తర్వాత లక్నవరం వేలాడే వంతెనను 11 దగ్గర తీస్తే ఆకాశం నిండా మచ్చలు. సెన్సరు మీది దుమ్ము ఎపర్చర్ బాగా మూసినప్పుడే నీడలు కడుతుంది. అప్పటి నుంచి జాతరకు వెళ్లేముందే ఇంట్లో ఒక లెన్సు బిగించి, తిరిగి వచ్చేదాకా విప్పడం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఈ లెన్సు సగం ధరకే తరచుగా దొరుకుతుంది, నా తమ్ముడికి అలాగే కొనిచ్చాను. కొనేముందు రెండు మూతలూ తీసి, ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనుక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి కొద్దిగా పక్కవాటంగా చూడాలి. సాలెగూడులాంటి సన్నని తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు, మన వానాకాలంలో బీరువాలో మూసిపెట్టిన లెన్సులకు పట్టేది అదే. ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకూడదు. తర్వాత దుకాణంలోనే ఒక క్యాలెండర్‌ను గోడకు పెట్టించి, 1.8 దగ్గర మధ్యనున్న తేదీ మీద ఐదుసార్లు ఫోకస్ చేయించి తెర మీద పెద్దది చేసి చూడాలి. మా తమ్ముడిది ఐదింట నాలుగుసార్లు సరిగ్గా పట్టింది, డబ్బు ఇచ్చేశాం.