డీఎన్ఏ కిట్ రివ్యూ: ఉమ్మింది నేనొక్కదాన్నే

కిట్ వరకు వంక పెట్టడానికేం లేదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉండి, గొట్టంలో గీత దాకా ఉమ్మాలి. నురుగు లెక్కలోకి రాదు కాబట్టి అనుకున్నదానికంటే ఎక్కువసేపే పడుతుంది. మూత బిగించి, కాస్త ఊపి పంపేయడమే. రిపోర్టు చెప్పిన టైముకే వచ్చింది.

పూర్వీకుల మ్యాప్ సరదాగా ఉంది, అంతే. నేను డబ్బు కట్టింది ఆరోగ్యం భాగం కోసం. పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన సంగతి అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది: ఇలాంటి కిట్లు మన డీఎన్ఏలోని 300 కోట్ల అక్షరాలూ చదవవు, ఎంచుకున్న కొన్ని లక్షల చోట్లే చూస్తాయి. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పులు వేలల్లో ఉన్నాయి. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంటి కిట్‌కి మొదట అనుమతిచ్చింది వాటిలో మూడింటికే. కాబట్టి ‘ఏమీ కనపడలేదు’ అని వస్తే నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

అల్జీమర్స్ ఫలితం తెరిచే ముందు మాత్రం ‘నిజంగా చూస్తారా?’ అని ఇంకోసారి అడిగారు. మంచి పని. చూశాను. ముప్పు పెంచే ఏపీఓఈ ఈ4 అనే జన్యు రూపం నాలో ఒక కాపీ ఉంది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, అది నాకూ తెలుసు. కానీ నాకుందంటే అమ్మానాన్నల్లో ఒకరికైనా ఉన్నట్టే, తమ్ముడికి ఉండే అవకాశం సగం కంటే తక్కువ కాదు. వాణ్ని ఎవరడిగారు? ‘నాకేం చెప్పొద్దక్కా’ అన్నాడు. నేను నోరు విప్పకపోయినా నా మొహం చూసి వాడు గ్రహించడా? సమ్మతి పత్రంలో వాడి కోసం ఒక్క వాక్యం కూడా లేదు.

బంధువుల్ని వెతికిపెట్టే ఆప్షన్ ఆన్ చేయలేదు. 2023లో ఇలాంటి కిట్లమ్మే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీలో హ్యాకర్లు వేరే సైట్ల నుంచి లీకైన పాస్‌వర్డులతో చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకి. ఈ ఆప్షన్ దారిలో వాళ్ల చేతికి చిక్కింది దాదాపు 69 లక్షల మంది వివరాలు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అమ్మకానికి పెట్టే ఆస్తుల్లో జనం డీఎన్ఏ వివరాలూ ఉంటాయన్నమాట!

పరిశోధనకు సమ్మతి ఇవ్వలేదు. శాంపిల్ నాశనం చేయమని రాస్తే, చేశామని మెయిల్ వచ్చింది. నమ్మడం తప్ప చేసేదేం లేదు. ఐదుకు రెండున్నర, ఆ రెండున్నరా ల్యాబ్ పనితనానికే.