పొలం పాలు ఇప్పుడే పంచుకోవాలా, కాన్పయ్యాకనా?

దేవరకొండ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నా. ఈ ఏడాది ఇది నాలుగోసారి. మనిషి పోయాడు, భార్యకు ఆరో నెల, పొలం ఆయన పేరు మీద ఉంది. విరాసత్, అంటే పొలాన్ని వారసుల పేర్ల మీదికి మార్చడం, ఇప్పుడే చేయించుకోవాలా, కాన్పు దాకా ఆగాలా?

మొన్న వచ్చిన కుటుంబానిది నాలుగెకరాలు. పోయినాయనకు ముప్పై ఏళ్లు, సాగర్ రోడ్డు మీద బైకు యాక్సిడెంట్. తల్లి ఉంది, భార్య ఉంది, నాలుగేళ్ల బిడ్డ ఉంది. తండ్రి ముందే కాలం చేశాడు. పొలం ఆయన సొంతంగా కొన్నది, వీలునామా లేదు. పదకొండొద్దులు అయ్యీ కాకముందే పోయినాయన అన్న కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"సారూ, తల్లి, భార్య, బిడ్డ... మూడు పేర్లు రాసెయ్యండి. కడుపులోది ఇంకా పుట్టనే లేదాయె. దానికేం పాలు?"

తల్లి, భార్య, బిడ్డ బతికుండగా అన్నకు ఆ పొలంలో గుంట కూడా రాదు. హడావుడి మాత్రం అందరికంటే ఆయనదే ఎక్కువ. ఇది మన దగ్గర మామూలే.

ఆయన అడిగింది మాత్రం తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. కడుపులో ఉన్న బిడ్డ చట్టం లెక్కలో మనిషేనా? దీనికి ఒక్క జవాబు లేదు, ఏ చట్టాన్ని అడిగితే ఆ చట్టం ఒకలా చెబుతుంది. ఆస్తి విషయంలో చట్టం చేసే పని మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపడం లాంటిది. మనిషి ఎక్కితే ఆ సీటు అతనిదే, అదీ దస్తీ వేసిన క్షణం నుంచి. ఎక్కకపోతే సీటు ఖాళీ, దస్తీకి ఏ హక్కూ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ఇదే చెబుతుంది: తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉండి, తర్వాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు ముందే పుట్టిన బిడ్డతో సమానంగా హక్కు ఉంటుంది, అదీ తండ్రి పోయిన రోజు నుంచే. ఆడా మగా తేడా లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నాలుగెకరాలంటే 160 గుంటలు. ముగ్గురికి పంచితే తలా 53 గుంటల చిల్లర. నలుగురికైతే తలా సరిగ్గా ఎకరం. కవలలు పుడితే ఐదు పాళ్లు, తలా 32 గుంటలు. స్కానింగ్‌లో ఒక్క బిడ్డే అన్నారని ఆ అన్న ధీమాగా చెప్పాడు కానీ, ఇప్పుడే పంచాలనుకునేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి.

ఇప్పుడే మూడు పేర్ల మీద చేయించుకుంటే లాభం లేదని అనను. పాస్‌బుక్ చేతికొస్తుంది, బ్యాంకులో పంట రుణం కదులుతుంది, రైతు భరోసాకు అడ్డు ఉండదు. భూముల రికార్డులకు ధరణి పోర్టల్ ఉన్న రోజుల్లో వారసులంతా కలిసి రాసిచ్చిన ఒప్పందం పెడితే పని నడిచింది. దాని స్థానంలో భూభారతి వచ్చాక తహసీల్దార్ నోటీసులిచ్చి విచారణ చేస్తున్నాడు కాబట్టి, "ఆమెకు ఆరో నెల" అని ఊళ్లో ఒక్కరు చెప్పినా ఫైలు ఆగుతుంది. ఆగకపోయినా సరే, పాస్‌బుక్‌లో పేరు లేనంత మాత్రాన బిడ్డ హక్కు ఎక్కడికీ పోదు.

నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారాన్ని తేల్చేది 1963 లిమిటేషన్ చట్టం ఆరో సెక్షన్ కింద ఉన్న ఒక్క వాక్యం. ఆ సెక్షన్ వరకు మైనరు అంటే కడుపులో ఉన్న బిడ్డ కూడా అని రాసుంది. మామూలుగా కోర్టుకు పోయే గడువు దాటితే కేసు చెల్లదు. మైనరుకైతే, గడువు ఈలోగా దాటినా, 18 నిండాక ఇంకో మూడేళ్ల వెసులుబాటు ఉంటుంది. అంటే ఈ రోజు పేరు వదిలేసిన బిడ్డ, 21 ఏళ్లు వచ్చేదాకా ఎప్పుడైనా "నా పాలు నాకివ్వండి" అని దావా వేయొచ్చు. అప్పటికి ఆ పొలం ఇద్దరి చేతులు మారి, మూడో ఆయన బోరు వేసి, బత్తాయి తోట పెట్టుకుని ఉంటాడు. అలాంటి దావా ఒకదాంట్లో కొన్నవాళ్ల తరఫున నేనే నిలబడ్డాను. దస్తావేజులో అన్నీ ఉన్నాయి, బిడ్డ పేరు తప్ప. నా పార్టీ ఓడిపోయింది. అమ్మినవాళ్ల తరఫున సంతకం పెట్టింది సొంత తల్లే, కోర్టు అనుమతి మాత్రం తీసుకోలేదు. మైనరు భూమిని తల్లి అయినా జిల్లా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు.

ఆగుదాం అంటే అన్నకు చిరాకు వచ్చేది కూడా అక్కడే. బిడ్డ పేరు ఎక్కిందంటే ఆ ఎకరం 18 ఏళ్లు అమ్మకానికి కష్టం. ఆ మాట నిజమే. పెళ్లికో, అప్పుకో, ఆసుపత్రికో భూమి అమ్మాల్సిన ఇంట్లో ఇది పెద్ద ఇబ్బంది. ఇంకొకటి ఆయన పైకి అనలేదు, నేనే అర్థం చేసుకున్నాను: కోడలు కాన్పుకు తల్లిగారింటికి పోతే మళ్లీ రాదేమో, రెండు పాళ్లూ అటే పోతాయేమో అని. ఆ భయం న్యాయమా కాదా అనేది నేను తేల్చేది కాదు. చట్టం అయితే కోడలు ఎక్కడుంటుందో చూడదు.

మధ్యే మార్గంగా చాలామంది అడిగేది: నాలుగో పాలు పక్కన పెట్టి, మిగతా మూడూ ఇప్పుడే రాసుకుంటే? తప్పు కాదు. పుట్టబోయే బిడ్డకు ఎకరం ఆపామని కాగితం రాసుకుని, హద్దులు చూపించి, అందరూ సంతకాలు పెడితే రేపు కోర్టులో అది పనికొస్తుంది. చిక్కు అమలులో ఉంది. పాస్‌బుక్‌కు పేరు కావాలి, ఆధార్ కావాలి, కడుపులో బిడ్డకు రెండూ లేవు. ఆ ఎకరం అప్పటిదాకా ఎవరి పేరు మీద ఉంటుంది? పోయినాయన పేరు మీదే ఉండాలి. బావి, మోటరు ఉన్న ముక్క ఏ పాలుకు పోతుందన్నది ఇంకో తగువు. మూడు నెలల కోసం ఇంత తిప్పలా అనిపిస్తుంది నాకు.

మన వైపు పాత న్యాయం కూడా ఆగమనే చెప్పింది. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన ధర్మశాస్త్ర వ్యాఖ్యానం మితాక్షరలో, గర్భం బయటికి తెలుస్తుంటే కాన్పు దాకా ఆగి పంచుకోమని ఉంది. అప్పట్లో మన పానగల్లు ఏలిన కందూరు చోళులు ఆ చాళుక్యుల సామంతులే. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట.

చెప్పడానికి మనసొప్పని లెక్క ఒకటుంది, అయినా చెప్పాలి. కాన్పు దాకా ఆగాక బిడ్డ దక్కకపోతే? చచ్చి పుడితే ముందటి లెక్కే, తలా 53 గుంటల చిల్లర. పుట్టి, ఒక్కసారి ఏడ్చి, ఒక రోజు బతికి పోతే మాత్రం ఎకరం ఆ బిడ్డకు వచ్చేసినట్టే, ఇక బిడ్డకు వారసులెవరో చూడాలి. మగబిడ్డయితే మొదటి తరగతి వారసురాలు, అంటే అందరికంటే ముందు హక్కున్నది, తల్లి ఒక్కతే, ఆమెకు తన ఎకరంతో కలిపి రెండెకరాలు. ఆడబిడ్డయితే, తండ్రి నుంచి వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే పోతుంది కాబట్టి, ముగ్గురికీ మళ్లీ అదే 53 గుంటలు. ఒక రోజు బతికిన కొడుక్కూ, ఒక రోజు బతికిన కూతురికీ చట్టంలో ఇంత తేడా ఉందని చెబితే చాలామంది నమ్మరు. అందుకే ఆసుపత్రి కాగితంలో "ప్రాణంతో పుట్టింది" అన్న మాట ఉందో లేదో ఆ దుఃఖంలోనూ ఎవరో ఒకరు చూసుకోవాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ రోజు భార్య తన సంచిలోంచి ఏఎన్‌ఎం ఇచ్చిన మాతా శిశు సంరక్షణ కార్డు తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి, మీద పసుపు మరక. లోపల చివరి నెలసరి తేదీ నీలం ఇంకుతో రాసుంది. నేను ముందు దాన్ని జిరాక్స్ తీయించాను. భర్త పోయాక 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, ఆ భర్త బిడ్డేనని సాక్ష్యాల చట్టం చెబుతుంది. అయినా పాలోళ్లు నోరు తెరిస్తే ఆ నీలం ఇంకు తేదీయే ముందు జవాబు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆగమన్నది పొలం గురించి. యాక్సిడెంట్ క్లెయిమ్‌కు ఆగొద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయాలన్న నిబంధన వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా కేసులు వెళ్లాయి, ఆ వాదనలు మనకెందుకు, ముందే వేస్తే పోయేదేం లేదు. భార్య, తల్లి, బిడ్డ పేర్లతో ఇప్పుడే వేసి, భార్య గర్భవతి అని పిటిషన్‌లోనే రాసి, కాన్పయ్యాక చిన్నబిడ్డను చేర్చమని అర్జీ పెట్టుకోవాలి. చేర్చడం వల్ల డబ్బు మారుతుంది. పోయినాయన మీద ఆధారపడ్డవాళ్లు ముగ్గురైతే ఆయన సొంత ఖర్చు కింద సంపాదనలో మూడో వంతు తీసేస్తారు, నలుగురైతే నాలుగో వంతే. నెలకు 15,000 సంపాదన అనుకుందాం. ముందుముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 21,000. ముప్పై ఏళ్ల మనిషికి గుణకం 17, అంటే సొంత ఖర్చు తీసేశాక మిగిలిన ఏడాది సంపాదనను 17తో గుణిస్తారు. ముగ్గురి లెక్కకూ నలుగురి లెక్కకూ తేడా 3 లక్షల 57 వేలు. కడుపులో బిడ్డ తెచ్చే డబ్బు అది.

రైతు బీమా 5 లక్షలకు ఈ గొడవే లేదు, నామినీ పేరు ఎవరిదో వాళ్లకే వస్తాయి. ముస్లిం కుటుంబాల్లోనూ కడుపులో బిడ్డకు వాటా ఆపుతారు, ప్రాణంతో పుడితే ఇస్తారు.

పుట్టబోయే మనవడికి తాత ముందే రాసివ్వొచ్చా అని కూడా అడుగుతుంటారు. నేరుగా గిఫ్టు డీడ్ కుదరదు, తీసుకునే మనిషి ఉండాలి. వీలునామా మేలు. తాత పోయేనాటికి బిడ్డ కడుపులో ఉండి, ప్రాణంతో పుడితే చెల్లుతుంది. ఇంకా కడుపున పడని బిడ్డకైతే ముందు తల్లికి బతికున్నంత కాలం అనుభవం ఇచ్చి, ఆ తర్వాత మొత్తం బిడ్డకు వచ్చేలా రాయాలి. ట్రస్టు మన ఐదారెకరాల కుటుంబాలకు దండగ.

నేర చట్టం మాత్రం దస్తీ వేసిన సీటును మనిషిగా చూడదు. కడుపులో బిడ్డను చంపితే అది హత్య కాదు. దానికి వేరే నేరాలు, వేరే శిక్షలు భారతీయ న్యాయ సంహితలో 88 నుంచి 92 సెక్షన్ల దాకా ఉన్నాయి. చట్టం ఒప్పుకున్న గర్భస్రావం సంగతి 1971 చట్టం చూసుకుంటుంది, అందులో మాట తల్లిది, డాక్టరుది.

ఆ కుటుంబం నా మాట విని ఆగింది. అన్న రెండుసార్లు ఫోన్ చేసి సతాయించాడు. క్లెయిమ్ మాత్రం రెండో నెలలోనే వేశాం. కాన్పు ప్రభుత్వ ఆసుపత్రిలో అయింది, ఆడబిడ్డ. విరాసత్ అర్జీ రాద్దామని నలుగురినీ పిలిస్తే, నాలుగో గడి దగ్గర కలం ఆగింది. పేరు ఇంకా పెట్టలేదు. "ఇరవై ఒకటో రోజు పెడతాం సారూ, ఇంకో వారం" అంది నాయనమ్మ. కాగితం మడిచి ఫైల్లో పెట్టాను.