నార్కోలెప్సీకి ఎవరి దగ్గరికి: పల్మనాలజిస్టా, న్యూరాలజిస్టా?

నార్కోలెప్సీ అంటే మెదడు నిద్ర-మెలకువలను సరిగా అదుపు చేయలేకపోయే జబ్బు. పగలు ఆపుకోలేని నిద్ర అనగానే చాలామందిని ముందు పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గరికి పంపుతారు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం (ఆప్నియా) ఉంటే అది సరైన దారే. చిక్కల్లా ఎక్కడంటే, ఆప్నియా కోసం రాత్రి పరీక్ష ఒక్కటే చేసి ‘ఏమీ లేదు’ అని పంపేస్తే నార్కోలెప్సీ అక్కడే తప్పిపోతుంది. ఇంట్లో చేసే పరీక్షయితే మరీను, అందులో మామూలుగా మెదడు తరంగాలు నమోదు కావు.

నవ్వు ముంచుకొచ్చినప్పుడు మోకాళ్లు సడలి, దవడ జారి, స్పృహ మాత్రం నిలిచి ఉంటే అది నార్కోలెప్సీ లక్షణమైన కేటాప్లెక్సీ కావచ్చు. అప్పుడు న్యూరాలజిస్టే (మెదడు, నరాల డాక్టరే) మేలు. అయితే నిద్ర జబ్బుల్లో అనుభవం లేని న్యూరాలజిస్టు దాన్ని మూర్ఛ అనుకునే ప్రమాదమూ ఉంది.

అందుకే బోర్డు మీది డిగ్రీ కన్నా ఈ ప్రశ్న ముఖ్యం: “రాత్రి పాలీసోమ్నోగ్రఫీ, మర్నాడు ఎంఎస్‌ఎల్‌టీ, రెండూ చేయిస్తారా?” మొదటిది రాత్రంతా నిద్రలో మెదడు తరంగాలు, ఊపిరి వగైరా నమోదు చేసే పరీక్ష; రెండోది పగలు ఎంత త్వరగా నిద్రపడుతుందో కొలిచే పరీక్ష. ఎంఎస్‌ఎల్‌టీలో రెండేసి గంటల తేడాతో 4 లేదా 5 సార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం 2 సార్లు 15 నిమిషాల్లోపు రెమ్ నిద్ర (కలలు ఎక్కువగా వచ్చే దశ) వస్తే అనుమానం బలపడుతుంది. అంతకుముందు ఒకటి రెండు వారాలు నిద్ర డైరీ రాయాలి. ఎందుకంటే నిద్ర చాలనివారికీ ఇలాంటి ఫలితమే రావచ్చు.

డిప్రెషన్ మందుల్లో చాలావరకు రెమ్‌ను అణిచేస్తాయి, దాంతో పరీక్ష ఫలితం తారుమారు కావచ్చు. వాటిని ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టర్లే చెప్పాలి. సొంతంగా ఆపేస్తే కేటాప్లెక్సీ ఒక్కసారిగా విరుచుకుపడొచ్చు.

ఆప్నియా కూడా ఉంటే సీప్యాప్‌కు (మాస్కుతో గాలి పంపే యంత్రానికి) పల్మనాలజిస్టు, మోడాఫినిల్ లాంటి మెలకువగా ఉంచే మందులకు న్యూరాలజిస్టు, ఇద్దరూ కావాల్సి రావచ్చు.