అజిలిటీ సెట్ రివ్యూ: టన్నెల్ కోసం కొనొచ్చు, పోల్స్ కోసం వద్దు

ముందే చెప్పేస్తాను, ఈ బిగినర్స్ అజిలిటీ సెట్‌కి (అజిలిటీ అంటే కుక్క చేత టన్నెల్, జంప్ లాంటి అడ్డంకులు దాటించే ఆట) నేనిచ్చేది 5కి 3 స్టార్లు. ఆ మూడూ టన్నెల్‌వే.

ఒక టన్నెల్, రెండు జంప్‌లు, ఆరు వీవ్ పోల్స్ (కుక్క మెలికలు తిరుగుతూ దాటే నిలువు కర్రలు), అన్నీ సర్దుకోవడానికి ఒక బ్యాగ్ వస్తాయి. డబ్బా మీద గాల్లోకి ఎగురుతున్న బోర్డర్ కోలీ జాతి కుక్క ఫొటో. మా ఇంట్లో ఉన్నది బూచి. పేరుకే బూచి, చీపురు కదిలితే మంచం కింద దూరుతుంది. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. నడుము పొడుగు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటే ఇంకోటి వాలిపోయి ఉంటుంది. ఏయే జాతులు కలిశాయో డాక్టర్ కూడా చెప్పలేకపోయారు.

టన్నెల్ వ్యాసం 60 సెం.మీ. పోటీల్లో వాడేదీ దాదాపు అంతే. గుడ్డ పల్చన, లోపలి తీగ మాత్రం గట్టిది. భయపడే కుక్కకి ఇందులో పనికొచ్చే సంగతేంటంటే, దీన్ని నొక్కేసి మూరెడు పొడవుకి తెచ్చేయొచ్చు. అటువైపు నేను కూర్చుని కనిపిస్తుంటే బూచి ముందు తల పెట్టింది, ట్రీట్ అందుకుని వెనక్కి పోయింది. నేను లాగలేదు, బతిమాలలేదు. తల పెట్టినా ట్రీటే, ముందు కాళ్లు పెట్టినా ట్రీటే. దాటడం అలవాటయ్యాక జానెడు జానెడు సాగదీశాను. గుడ్డ గరగరమన్నప్పుడల్లా బిగుసుకుపోయేది. ఆ పూటకి మళ్లీ పొట్టిగా నొక్కేసి, తేలిగ్గా ఒకసారి దాటించి ఆపేసేదాన్ని. ఇప్పుడు వంకర తిప్పి అటు చివర కనపడకుండా పెట్టినా దూసుకుపోతుంది. నేను చెప్పకుండానే వెనక్కి తిరిగి మళ్లీ దూరుతుంది, అది వేరే తలనొప్పి.

ఇసుక సంచులు మాత్రం ఇవ్వలేదు. అవి లేకపోతే ఈ టన్నెల్ కుక్కతో సహా దొర్లుతుంది. బెదిరే కుక్క ఒక్కసారి అలా దొర్లిందంటే మళ్లీ దాని దగ్గరికి తేవడం కష్టం. రెండు వైపులా బరువు ఆనించాకే వదలండి.

జంప్‌ల దగ్గర నాకు కోపం వచ్చింది. కుక్క కాలు తగిలితే అడ్డకర్ర కింద పడిపోవాలి, దెబ్బ తగలకుండా ఉండేది అందుకే. ఇక్కడ కర్రని క్లిప్‌లో బిగించమంటున్నారు! నేను క్లిప్‌లు వాడకుండా కర్రని ఊరికే ఆనించి పెడుతున్నాను. ఇక మాన్యువల్‌లో ఎత్తుల టేబుల్ ఉంది, జాతిని బట్టి. మా దానికి అందులో గడే లేదు. అసలు పోటీల్లో చూసేది భుజాల దగ్గర ఎత్తు. అమెరికాలో కుక్కల పోటీలు నడిపే అమెరికన్ కెన్నెల్ క్లబ్ రెగ్యులర్ క్లాసుల్లో 14 అంగుళాలు దాటి 18 లోపు ఉన్న కుక్కకి 16 అంగుళాల జంప్. బూచి 15 అంగుళాలు, కాబట్టి అక్కడైతే 16. ఇంట్లో నేను దానికి సగం కూడా పెట్టను.

ఆరు నెలల నుంచే దూకించొచ్చని కూడా రాశారు. అదే క్లబ్ 15 నెలలు నిండని కుక్కని అజిలిటీ పోటీలోకి రానివ్వదు, లేత ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి. మన దత్తత కుక్కల వయసు పళ్లు చూసి వేసిన అంచనాయే కదా, అందుకే డాక్టర్‌ని అడిగాకే కర్ర పైకి జరపండి.

వీవ్ పోల్స్ పూర్తిగా దండగ. పోటీల్లో పోల్‌కీ పోల్‌కీ మధ్య 24 అంగుళాలు, అంటే సుమారు 60 సెం.మీ. ఉంటుంది. దీంతో వచ్చిన పట్టీ మీద టేప్ పెట్టి కొలిస్తే 50 కూడా రాలేదు. నడుము పొడుగున్న బూచి అందులో మెలికలు తిరగలేక పక్కనుంచి వెళ్లిపోతుంది, తప్పు దానిది కాదు. కస్టమర్ కేర్‌కి రాస్తే వచ్చిన మొదటి ప్రశ్న: "మీది ఏ బ్రీడ్ మేడమ్?" మిక్స్ అని చెప్పాను. చిన్న బ్రీడ్‌లకి ఆ గ్యాప్ సరిపోతుందని జవాబు. పోటీలో ఆ గ్యాప్ చిన్న కుక్కకైనా పెద్ద కుక్కకైనా ఒకటే.

ఈ బ్రీడ్ గోలకి కాలం చెల్లిందని వీళ్లకి ఎవరైనా చెప్పాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2010లోనే అజిలిటీలోకి మిక్స్‌డ్ కుక్కల్ని రానిచ్చింది. 2024లో అమెరికాలోని వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షోలో మాస్టర్స్ అజిలిటీ పోటీ గెలిచిన నింబుల్ కూడా మిక్సే, బోర్డర్ కోలీకీ పాపియాన్ అనే చిన్న జాతికీ పుట్టింది. అక్కడ ఆ టైటిల్ ఒక మిక్స్‌డ్ కుక్కకి రావడం అదే మొదటిసారి.

టన్నెల్ విడిగా అమ్ముతుంటే అదొక్కటే తీసుకోండి. పోల్స్‌కి పీవీసీ పైపులు సమానంగా కోయించి, 60 సెం.మీ. దూరంలో మీరే పాతుకోండి. సెట్‌లోని పోల్స్ మేకులు పచ్చిక నేలలోనే దిగుతాయి, గట్టి నేల మీద అసలు నిలబడవు. బ్యాగ్ బాగుంది, జిప్ గట్టిది.