అంతర్వేది మొగలో గేలం వేట: సంచిలో ఏం ఉండాలి, రాత్రికి ఎక్కడ దిగాలి

అంతర్వేది దగ్గర బోటు మాట్లాడుకుని గేలం వేటకి వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది రాడ్, రీలు గురించే. నన్నడిగితే అవి అన్నిటికంటే చివర సర్దుకోవాల్సినవి. పల్లిపాలెంలో మేం ఎక్కిన బోటు నడిపే సరంగు మా సంచుల వంక చూసి అన్నమాట ఇదే: "గేలాలు, ఎర రొయ్యలు మా దగ్గరున్నాయండి. మంచినీళ్లు ఏపాటి తెచ్చుకున్నారు?"

పొద్దున్న పది గంటలయ్యేసరికి ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. మొగ అంటే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటు; అక్కడ చుట్టూ నీళ్లే, నోట్లో పోసుకుంటే మాత్రం ఉప్పు కషాయం. మనిషికి నాలుగు లీటర్లు పెట్టుకోండి. సగం సీసాలు ముందురోజే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి థర్మోకోల్ పెట్టెలో వేస్తే చేపకి చల్లదనం, కరిగాక మనకి తాగునీరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. తిండికి పులిహోర చాలు. నూనె ఓడే టిఫిన్లు తిని ఎక్కితే మొగ దాటగానే కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు బయల్దేరే అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

ఎండ ఇక్కడ పైనుంచే కాదు, నీళ్లమీద పడి కిందనుంచీ ముఖానికి కొడుతుంది. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, చెవుల వెనక కమిలిపోతుంది. పొడుగు చేతుల నూలు చొక్కా, మెడకి తువ్వాలు, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్. టోపీకి తాడు ఉండాలి, లేకపోతే గాలికి ఎగిరిపోతుంది.

అందరూ మర్చిపోయేవి కటింగ్ ప్లేయరు, వేడినీళ్ల ఫ్లాస్కు. పండుగప్ప చేప కోసం వేసిన గేలానికి జెల్ల చేప పడటం మామూలే. దాని వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, రంపపు పళ్లలాంటి ముళ్లుంటాయి, వాటిలో విషం ఉంటుంది. మా సరంగు చేత్తో ముట్టుకోలేదు. తడిగోనె కప్పి తొక్కిపట్టి, ప్లేయరుతో మూడు ముళ్లూ విరిచి, ఆ తర్వాతే గేలం ఊడదీశాడు. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో వేలు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే మాత్రం ఒడ్డుకు తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

బస విషయానికొస్తే, దిండిలో గోదారి ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య ఉండటం కుటుంబంతో వచ్చినవాళ్లకి ఎంతో బాగుంటుంది. వేటకే వచ్చినవాళ్లకి అది దూరం. పైగా మేం దిగినచోట తెల్లవారుజామున టీ కూడా దొరకలేదు. నరసాపురంలో లాడ్జీలు, రైల్వేస్టేషన్, మంచి మెస్సులు ఉన్నాయి. అయితే పొద్దున్నే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవుకి దాటాలి కాబట్టి మొదటి పంటు ఎప్పుడో రాత్రే కనుక్కోండి. అంతర్వేదిలోనే గది దొరికితే అదే నా ఓటు. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం జరిగే రోజుల్లో మాత్రం గది దొరకడం గగనం.

కోరంగి మడ అడవుల్లో గేలం వేద్దామని కొందరు అనుకుంటారు. అది వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ అటవీశాఖ బోటులో తిరిగి చూసి రావాలంతే, చూడటానికి అంతకంటే అందమైన చోటు ఈ డెల్టాలో లేదు.

వేటకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మేలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేటకి నిషేధం, ఎవరైనా తీసుకెళ్తామన్నా ఎక్కొద్దు. అలల ఎత్తు, గాలి గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) సూచనలిస్తుంది, ముందురోజు రాత్రి చూసుకోండి. బేరమాడేటప్పుడు డీజిలు ఎవరిది, పడిన చేప ఎవరిది, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నవి తేల్చుకోండి. మొగ దగ్గర ఇసుక మేటలుంటాయి, పాటు నీటిలో, అంటే సముద్రం వెనక్కి తగ్గి నీళ్లు లోతు తగ్గినప్పుడు, బోటు వాటికి తగులుతుంది, అందుకని టైము సరంగు చెప్పిందే ఖాయం చేసుకోండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి బోటులో కళ్లతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.