పోత రాళ్లని చెప్పి పగడాలు అంటగట్టాడు, జాగ్రత్త

రీఫ్ ట్యాంకులకు, అంటే ఇంట్లో ఉప్పునీళ్లలో పగడాలూ చేపలూ పెంచే గాజు తొట్లకు, రాళ్లు అమ్మే ఆయన ఎవరో ఈ హాబీలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొత్త ట్యాంకు, రెండొందల లీటర్లది. ఇరవై కిలోలు కావాలన్నాను. సముద్రంలోంచి తీసినవి వద్దు, సిమెంటూ అరగొనైట్ అనే సున్నపు ఇసుకా కలిపి పోతపోసినవే కావాలని ఒకటికి పదిసార్లు చెప్పాను. "మా దగ్గర ఉండేవి అవే సార్" అన్నాడు. డబ్బంతా ముందే వేయించుకున్నాడు.

నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. థర్మోకోల్ పెట్టె మూత తీయగానే కుళ్లు కంపు. టబ్బులో వేసి బ్రష్‌తో రుద్దుతుంటే నాచూ ఇసుకా పోయి, కింద వరసగా చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. ఒక్కో గుంటలో నడిమి నుంచి అంచు దాకా పలచటి గోడలు, బండి చక్రానికి ఆకులున్నట్టు. అవి పగడపు జీవుల గూళ్లు. ఇంకో ముక్క అచ్చంగా మెదడు పగడం, పైన మెదడులాగే మెలికల గీతలు. అడుగున ఉలి దెబ్బ పడ్డ చోట ఇంకా తెల్లగా ఉంది. పోత రాయి మీద ఇవెలా వస్తాయి? బతికున్న పగడపు దిబ్బను పగలగొట్టి తెచ్చారు.

వెంటనే ఫోన్ చేశాను. "ఒడ్డుకు కొట్టుకొచ్చినవే సార్, ఎవరూ అడగరు" అన్నాడు. బిల్లు ఇవ్వమన్నాను, ఇవ్వనన్నాడు. వెనక్కి తీసుకోమంటే గొంతు మారిపోయింది. "పెట్టె ఇప్పుడు మీ ఇంట్లో ఉంది సార్. కంప్లైంట్ ఇస్తే ముందు మిమ్మల్నే అడుగుతారు." అంతే, ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బు పోతే పోయింది. నమ్మి కొన్నవాణ్ణి పట్టుకుని బెదిరిస్తాడా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. చచ్చిన పగడమైనా సరే అమ్మకూడదు, కొనకూడదు. శిక్ష కనీసం మూడేళ్లు. తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వేస్తే, ఉన్న 21 దీవుల్లో రెండు నీళ్లలో కలిసిపోయాయి. ఇతను అదే పని మన ట్యాంకుల పేరు చెప్పి చేస్తున్నాడు. ఫోటోలు, చాటింగ్, డబ్బు వేసిన రసీదు అన్నీ పెట్టి అటవీ శాఖకు రాశాను. పెట్టె వాళ్లకే అప్పగిస్తాను.

కొనేముందు రాయిని దగ్గరగా వీడియో తీసి పంపమనండి, అలాంటి గోడలున్న గుంటలు కనిపిస్తే వదిలేయండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర కొనొద్దు. వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చింది కాబట్టి మంచి రాయే అంటారు, అది నమ్మకండి, పగడమూ సున్నపురాయీ రెండూ నురగ కక్కుతాయి. అసలైన పోత రాయి దొరికినా సిమెంటు వల్ల నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కుతుంది. నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టి, పీహెచ్ కుదురుకున్నాకే ట్యాంకులో పెట్టండి.

ఈమధ్య అతని దగ్గర కొన్నవాళ్లుంటే రాళ్ల ఫోటోలు పెట్టండి, చూసి చెబుతాను.