పబ్లిక్ రికార్డుల నుంచి పేరు తీయిస్తామనే సేవలకు డబ్బు కట్టే ముందు

ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న మన పేరు, చిరునామా ఇంటర్నెట్‌లో ఎక్కడా కనిపించకుండా చేస్తామని చెప్పే ఒక సంస్థకు నేను ఏడాది చందా ముందుగానే చెల్లించాను. తొలి నివేదికలో ప్రతి వెబ్‌సైటు పేరు ఎదుటా ‘తొలగించాము’ అని పచ్చ గుర్తు ఉంది. కొన్ని వారాలు తిరక్కుండానే అదే చిరునామా, అదే పుట్టిన తేదీ మరో సైటులో ప్రత్యక్షమయ్యాయి. అడిగితే, మూలం ప్రభుత్వ కార్యాలయంలోని పత్రమని, దాని మీద తమకు అధికారం లేదని అప్పుడు చెప్పారు. డబ్బు తీసుకునే ముందు చెప్పవలసిన మాట అది.

మాట మాత్రం నిజమే. ఆస్తి రిజిస్ట్రేషన్లు, కోర్టు తీర్పులు, కంపెనీ డైరెక్టర్ల వివరాలు ప్రజలకు అందుబాటులో ఉండి తీరాలి. స్వీడన్ 1766లోనే అధికారిక పత్రాలను చూసే హక్కును చట్టంలో చేర్చింది. డబ్బున్నవారు కోరినప్పుడల్లా వాటిని చెరిపించుకోగలిగితే నష్టపోయేది మనమే. అయితే వేర్వేరు కార్యాలయాల్లో చెదురుగా ఉన్న కాగితాలు వేరు, వాటన్నిటినీ ఒక మనిషి పేరు మీద గుదిగుచ్చి అమ్మడం వేరు. ఒక వ్యక్తి నేర చరిత్రనంతా ఒకచోట చేర్చిన ఎఫ్‌బీఐ పట్టికను బయటపెట్టనక్కర్లేదని చెబుతూ అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఈ తేడానే ఎత్తిచూపింది. పత్రికలో వచ్చిన పాత ప్రకటన చట్టబద్ధమైనదే అయినా, పేరుతో వెతికితే వచ్చే లింకును తీసివేయమని సెర్చ్ ఇంజన్‌ను కోరవచ్చని 2014లో ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది.

కాబట్టి ఇలాంటి సేవ చేయగలిగేది నకళ్ల మీద పోరాటం మాత్రమే, అందులో చాలా భాగం ఆయా సైట్లకు నేరుగా రాసి మనమే ఉచితంగా చేసుకోవచ్చు. మూలపత్రంలోని ఖాతా నంబరు, పిల్లల పేర్ల వంటివి కప్పించాలంటే సంబంధిత కార్యాలయానికే దరఖాస్తు పెట్టాలి.

ఆ దరఖాస్తు కోసమని అదనపు రుసుము తీసుకుని ఆ సంస్థ తయారుచేసిన పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల పట్టీ గీసి ఉంది. మౌస్‌తో ఎంచి కాపీ చేస్తే కింది అంకెలు యథాతథంగా వచ్చాయి. అలాంటి ఫైలును ఎవరికైనా పంపే ముందు మీరూ ఇదే పరీక్ష చేయండి. గుర్తింపు కార్డు పూర్తి స్కాన్ అడిగితే, దాన్ని ఎప్పుడు చెరిపివేస్తారో రాతపూర్వకంగా చెప్పేవరకు ఇవ్వకండి. నా విషయంలో ఆ జవాబు ఇప్పటికీ రాలేదు.